హెల్: ఊరి పేరా, రాణి పేరా?

స్కాండినేవియా పురాణగాథలతో కాస్త పరిచయం ఉన్నవారికి హెల్ పేరు వినగానే ఒక రూపం కళ్ళకు కడుతుంది. ఒంట్లో సగం మామూలు చర్మపు రంగు, మిగతా సగం కమిలిన నలుపు. తల వాల్చుకొని కరకుగా చూసే ముఖం. రోగంతోనో ముసలితనంతోనో పోయినవారందరికీ తన లోకంలో చోటు కేటాయించే అధికారం. ఆమె భవనం పేరు ఎల్యూద్‌నిర్. ఆమె కంచం పేరు ఆకలి, కత్తి పేరు కరవు, మంచం పేరు రోగశయ్య. గడప పేరు తట్టుకొని పడే చోటు. సేవకుడూ సేవకురాలూ కదులుతున్నారో లేదో తెలియనంత నిదానస్తులు. చిత్రం ఇంత పొందికగా ఉండడంతో ప్రాచీన నార్స్ ప్రజలందరూ మృతుల రాణిని ఇలాగే ఊహించుకున్నారని ఎవరికైనా అనిపిస్తుంది. నిజానికి ఈ వివరాల్లో చాలా భాగం ఒకే పుస్తకంలోని కొద్దిపాటి వాక్యాల నుంచి వచ్చింది. ఆ వాక్యాలను పక్కన పెట్టి మిగిలిన పద్యాలనూ గాథలనూ చదివితే హెల్ ముఖం మారిపోతుంది. కొన్నిచోట్ల అసలు ముఖమే ఉండదు, ఒక దారి, ఒక తలుపు, ఒక చీకటి లోయ మాత్రమే ఉంటాయి.

ఆ పుస్తకం రాసినవాడు ఐస్‌లాండ్‌కు చెందిన స్నోరి స్టుర్లుసన్ (1179–1241). కవి, చరిత్రకారుడు, దేశ సభలో రెండుసార్లు చట్టవక్త పదవి నిర్వహించిన రాజకీయవేత్త. 1220 ప్రాంతంలో ఆయన రూపొందించిన ఎడ్డా ప్రధానంగా కవులకు ఉద్దేశించినది. పాత పద్యాల్లో బంగారాన్నీ ఓడనూ మృత్యువునూ సూటిగా పేరు పెట్టి పిలవరు. ఏదో ఒక పురాణకథను సూచించే చుట్టుతిరుగుడు పదబంధంతో చెబుతారు. కథలు మరచిపోతే ఆ పద్యాలు అర్థం కావు కనుక కథలను ఒక వరుసలో పెట్టి నేర్పాలన్నది ఆయన సంకల్పం. ఐస్‌లాండ్ క్రైస్తవాన్ని స్వీకరించింది సుమారు 1000లో. అంటే స్నోరి కలం పట్టేనాటికి పాత దేవతల కొలుపు ఆగిపోయి రెండు వందల ఏళ్ళు దాటింది. ఆయన స్వయంగా క్రైస్తవుడు, ఆయన చదువూ ఆ కాలపు క్రైస్తవ ఐరోపా చదువే. ఆయన లేకపోతే మనకు దక్కేది చాలా తక్కువ, అందులో సందేహం లేదు. కానీ పాఠం చెప్పేవాడికి పొందిక కావాలి. ఎన్నో ఊళ్ళలో ఎన్నో తరాలుగా చెప్పుకున్న నమ్మకాలకు ఆ పొందిక ఉండనవసరం లేదు.

స్నోరి చెప్పిన వంశవృక్షం ప్రకారం దేవతల మధ్యే తిరిగే మాయావి లోకికీ, రాక్షసజాతి స్త్రీ అంగ్రబోదకూ ముగ్గురు సంతానం: ఫెన్రిర్ అనే తోడేలు, యోర్ముంగాండ్ అనే మహాసర్పం, హెల్. ఈ ముగ్గురి వల్ల దేవతలకు కీడు తప్పదని జోస్యం వినిపించగానే దేవతల పెద్ద ఓడిన్ సర్పాన్ని భూమి చుట్టూ ఉన్న సముద్రంలోకి విసిరాడు, తోడేలును దేవతలు తమ దగ్గరే ఉంచి చివరికి కట్టిపడేశారు, హెల్‌ను నిఫ్ల్‌హైమ్ అనే పొగమంచు లోకంలోకి తోసి తొమ్మిది లోకాల మీద అధికారం ఇచ్చాడు. ఈమధ్య సినిమాల పుణ్యమా అని ఆమె ఓడిన్ కూతురేమోనన్న భ్రమ వ్యాపించింది. మూలంలో ఆమె ఓడిన్ వెలివేసిన పిల్ల.

చిక్కుముడి మొదటి కొస ఆమె పేరులోనే ఉంది. హెల్ అనే మాట ‘కప్పడం, దాచడం’ అనే అర్థమున్న పురాతన ధాతువు నుంచి వచ్చింది. ఇంగ్లీషులో నరకానికి వాడే ‘హెల్’ దీని తోబుట్టువే. విచిత్రంగా, వీరులు చేరే వాల్‌హల్లాలోని ‘హాలు’ కూడా అదే ధాతువుకు చెందినదని భాషావేత్తలు చెబుతారు. ఒకటి మట్టి కప్పిన చోటు, మరొకటి పైకప్పు కప్పిన చోటు. ఈ మాట జర్మానిక్ భాషలన్నింటికీ ఉమ్మడి ఆస్తి. 4వ శతాబ్దంలో వుల్ఫిలా బైబిలును గోతిక్ భాషలోకి తెచ్చినప్పుడు, గ్రీకు మూలంలో మృతులు ఉండే హేడిస్‌కు ‘హల్యా’ అని రాశాడు. పాపులను కాల్చే గెహెన్నాకు మాత్రం ఆ మాట సరిపోదనుకున్నాడో ఏమో, గ్రీకు పదాన్నే గోతిక్ ఉచ్చారణతో ఉంచేశాడు. అంటే హల్యా అతనికి చచ్చినవారి చోటు మాత్రమే, శిక్షల చోటు కాదు. నేటికీ డేనిష్, నార్వేజియన్ భాషల్లో ‘ఇయెల్’ అనీ, స్వీడిష్‌లో ‘ఇయేల్’ అనీ పలికే మాట ఒకటి వాడుకలో ఉంది. మనిషిని చచ్చేలా కొట్టారని చెప్పడానికి వాడే ఆ మాటకు అక్షరార్థం ‘హెల్‌లోకి’. దాన్ని పలికేవారెవరూ ఒక రాణిని తలచుకోరు.

పాత పద్యాల్లో ‘హెల్‌కు పోయాడు’ అని కనిపించినప్పుడు అది స్థలమా, స్త్రీయా, ఊరికే చావా అన్నది చాలాచోట్ల తేలదు. ఆనాటి రాతప్రతుల్లో మనుషుల పేర్లకు పెద్దక్షరం వాడే నియమం కూడా లేదు. ఆధునిక ముద్రణల్లో కనిపించే తేడా సంపాదకులు పెట్టినదే. తెలుగువారికి ఈ ఇబ్బంది కొత్తది కాదు. ‘మృత్యువు వాకిట్లో నిలబడింది’ అని మనం అన్నప్పుడు, పల్లెల్లో ‘మిత్తి వచ్చి ఎత్తుకుపోయింది’ అన్నప్పుడు, ఒక దేవతను ఉద్దేశించామా, మాటవరుసకు అన్నామా అని నిలదీస్తే చెప్పడం కష్టం. హెల్ విషయంలో కూడా స్థలమూ సంఘటనా స్త్రీ ఒకే మాటలో కలిసి జీవించాయి.

స్థలంగా హెల్‌ను చూపే పద్యాలు పుష్కలంగా ఉన్నాయి. గ్రిమ్‌నిస్మాల్ అనే కావ్యం ప్రపంచవృక్షమైన యగ్‌ద్రసిల్ మూడు వేళ్ళలో ఒకదాని కింద హెల్ ఉంటుందనీ, మరొకదాని కింద హిమరాక్షసులూ, మూడోదాని కింద మనుషులూ ఉంటారనీ చెబుతుంది. ఇక్కడ హెల్ ఆమె కావచ్చు, అది కావచ్చు. ఓడిన్ కొడుకైన బాల్దర్ కలల గురించిన పద్యంలో ఓడిన్ తన ఎనిమిది కాళ్ళ గుర్రం మీద హెల్ వైపు వెళతాడు. రొమ్ము నిండా నెత్తురు అంటుకున్న కుక్క ఒకటి ఎదురొచ్చి మొరుగుతుంది. తూర్పు తలుపు దగ్గర సమాధిలో ఉన్న జోస్యురాలిని అతడు మంత్రంతో లేపి అడుగుతాడు, ఈ బల్లలన్నీ బంగారు కడియాలతో ఎవరి కోసం అలంకరించారని. బాల్దర్ కోసమే తేనెమద్యం కాచి మూతపెట్టి ఉంచామని ఆమె జవాబు. ఆకలి అనే కంచంలో తినిపించే ఇల్లు ఇదేనా? ఈ పద్యంలోని హెల్ పెళ్ళివారి కోసం ఎదురుచూసే విడిదిలా ఉంది, రాణి ఊసు మాత్రం లేదు.

దీన్నిబట్టి హెల్ అనే స్త్రీని స్నోరి సొంతంగా సృష్టించాడని తేల్చేయడానికి వీల్లేదు. ఆయనకు మూడు వందల ఏళ్ళ ముందటిదని సాధారణంగా చెప్పే యింగ్లింగతాల్ అనే రాజవంశ కావ్యం ఉంది (దాని కాలం మీద వాదాలు లేకపోలేదు). అందులో డిగ్వీ అనే రాజు మరణాన్ని చెబుతూ, తోడేలు సోదరి రాజును ఎంచుకుందనీ, లోకి కూతురు అతని దేహంతో సరసమాడుతోందనీ కవి అంటాడు. మృత్యువు ఇక్కడ మోహించి రాజును రప్పించుకున్న స్త్రీ. 1200 ప్రాంతంలో లాటిన్‌లో డెన్మార్క్ చరిత్ర రాసిన సాక్సో కూడా ఇలాంటిదే ఒకటి చెబుతాడు: గాయపడిన బాల్దర్ కలలో ప్రొసెర్పినా కనిపించి మర్నాడు నా కౌగిలిలో ఉంటావని మాట ఇస్తుంది, మూడు రోజుల్లో అతడు పోతాడు. ప్రొసెర్పినా రోమన్ల పాతాళ రాణి. లాటిన్ పాఠకుల కోసం సాక్సో పేరు మార్చినా, ఆ కలలోకి వచ్చినది ఎవరో పోల్చుకోవడం కష్టం కాదు.

వీటన్నింటికంటే నాకు బలంగా తోచే సాక్ష్యం ఎగిల్ స్కల్లగ్రిమ్‌సన్ పద్యం. ఎగిల్ 10వ శతాబ్దపు ఐస్‌లాండ్ కవి, యోధుడు, ఏ రకంగా చూసినా నెమ్మదస్తుడు కాడు. కొడుకు బోద్వర్ సముద్రంలో మునిగిపోయినప్పుడు గది తలుపు వేసుకొని అన్నపానీయాలు మానేశాడని అతని గాథ చెబుతుంది. నీతోపాటే నేనూ పోతానంటూ లోపలికి వచ్చిన కూతురు అతని చేత సముద్రపు నాచు నమిలించింది, దాహమేస్తే నీళ్ళని చెప్పి పాలు తాగించింది, ఉపవాసం ఎలాగూ చెడింది కనుక కొడుకు మీద పద్యం చెప్పమంది. అలా పుట్టిన విలాపకావ్యం చివరి పద్యంలో ఓడిన్ శత్రువైన తోడేలుకు తోబుట్టువు భూశిరం మీద నిలబడి ఉంటుంది. అయినా మంచి మనసుతో, దిగులు పడకుండా, సంతోషంగానే హెల్ కోసం ఎదురుచూస్తానంటాడు ఎగిల్. ఆమె లాక్కెళ్ళడానికి రాలేదు. సముద్రం కనబడే గట్టు మీద నిలబడింది, అంతే. నలుపు లేదు, ఆకలి కంచం లేదు. కుటుంబ సంబంధం మాత్రం స్నోరి చెప్పినదే. కాబట్టి లోకి కూతురు, తోడేలు చెల్లెలు అయిన మృత్యుస్త్రీ కనీసం కవుల నోళ్ళలో పాతదే. ఆమె ఇంటి సామాను మాత్రం చాలావరకు కొత్తది.

ఆ సామాను మీద అనుమానం ఎందుకంటే, వస్తువులకు ఆకలి, కరవు, రోగశయ్య అని పేర్లు పెట్టడం మధ్యయుగపు లాటిన్ చదువుల్లో అలవాటైన అన్యాపదేశ పద్ధతి. రోమన్ కవి వర్జిల్ కావ్యంలో పాతాళపు ముంగిట రోగాలు, ముసలితనం, ఆకలి మనుషుల్లా కాపురముంటాయి. స్నోరి నేరుగా అక్కడి నుంచి తీసుకున్నాడనడానికి ఆధారం లేదు గానీ, గాలి ఒకటే. అలాగే ‘తొమ్మిది లోకాల మీద అధికారం’ అన్నది కూడా, హెల్ కంటే లోతైన నిఫ్ల్‌హెల్ దాకా కింద ఉన్న తొమ్మిది లోకాలూ తిరిగానని ఒక పద్యంలో రాక్షసుడు చెప్పుకున్న మాటను ఆయన అన్వయించుకున్న తీరేమో. లేకపోతే వెలివేసిన పిల్లకు ఓడిన్ తన లోకాన్ని కూడా రాసిచ్చాడనుకోవాలి.

ఇక అసలు చిక్కు, ఎవరు ఎక్కడికి పోతారన్నది. యుద్ధంలో చచ్చినవారు వాల్‌హల్లాకు, మంచం మీద పోయినవారు హెల్‌కు అన్న సూత్రం ఎక్కడ చూసినా వినిపిస్తుంది. కానీ గ్రిమ్‌నిస్మాల్ యుద్ధమృతుల్లో సగాన్ని ప్రతిరోజూ ఫ్రేయా దేవి తన ఫోల్క్‌వాంగ్‌కు ఎంచుకుంటుందని, మిగిలిన సగమే ఓడిన్‌దని స్పష్టంగా చెబుతుంది. మునిగిపోయినవారిని రాన్ అనే సముద్రదేవి వల వేసి పట్టుకుంటుంది. ఐస్‌లాండ్ పశ్చిమతీరంలో హెల్గఫెల్ అనే చిన్న కొండ ఉంది. చచ్చాక అందులోకే పోతామని ఆ ప్రాంతపు ఒక కుటుంబం నమ్మేది. ఒక సాయంత్రం కొండ ఉత్తరపు వైపు తలుపులా తెరుచుకోవడం, లోపల మంటలు వెలుగుతూ పానపాత్రల సందడి వినిపించడం, తోర్‌స్టైన్ అనే ఆ ఇంటి యజమానిని తండ్రికి ఎదురుగా కూర్చోమని పిలవడం ఒక గొర్రెలకాపరి చూశాడట. చేపల వేటకు వెళ్ళిన తోర్‌స్టైన్ మునిగిపోయాడన్న కబురు తర్వాత వచ్చింది. సూత్రం ప్రకారం అతడు రాన్ వలలో ఉండాలి. కథ ప్రకారం కొండలో నాన్నతో కలిసి తాగుతున్నాడు. (హెల్గఫెల్ పేరులోని ‘హెల్గ’ అంటే పవిత్రమని అర్థం, మన హెల్‌తో దానికి చుట్టరికం లేదు.) తనను తానే పొడుచుకొని చితికెక్కిన గాథానాయిక బ్రున్‌హిల్ద్ కూడా రథమెక్కి హెల్ దారినే వెళుతుంది, రోగమూ ముసలితనమూ ఆమె దగ్గరికే రాలేదు.

మట్టిలో దొరికిన ఆధారం కూడా ఇదే దిక్కు చూపిస్తుంది. నార్వేలోని ఓసెబర్గ్‌లో 1904లో తవ్వి తీసిన ఓడ సమాధి 834 నాటిది. అందులో ఇద్దరు స్త్రీలు, ఒకరు డెబ్బై దాటిన వృద్ధురాలు, ఆమె ఎముకల్లో కేన్సర్ ఆనవాళ్ళు ఉన్నాయి. స్నోరి లెక్కన ఆ వృద్ధురాలు ఆకలి కంచం ముందు కూర్చోవలసిన మనిషి. ఆమెతో పంపినవారు మాత్రం చెక్కుడు పనితనమున్న బండి, మంచుబండ్లు, మంచాలు, వంటసామాను, ఎద్దులు, పదికి పైగా గుర్రాలు సర్దిపెట్టారు. కరవు లోకానికి పంపుతున్నామనుకున్నవారు చేసే పని కాదిది.

శిక్ష సంగతి వేరే చెప్పుకోవాలి, మన పాఠకుడు పొరబడేది ఇక్కడే. మృతులకు అధిపతి అనగానే మనకు యముడు, చిత్రగుప్తుడు, పాపపుణ్యాల చిట్టా గుర్తొస్తాయి. హెల్ దగ్గర చిట్టా లేదు. ఆమె విచారించినట్టు గానీ తీర్పు చెప్పినట్టు గానీ ఎక్కడా లేదు. వోలుస్పా అనే కావ్యంలో నాస్ట్రాండ్ అనే శవాల తీరం ఉంది. అక్కడ పాముల వెన్నెముకలతో అల్లిన భవనం, ఉత్తరానికి తెరుచుకునే తలుపులు, విషధారలు, వాటిలో నడిచే ఒట్టుతప్పినవారూ హంతకులూ కనిపిస్తారు. కానీ ఆ చోటును హెల్ పాలిస్తుందని పద్యం అనదు. చెడ్డవారు హెల్‌కూ, అక్కడి నుంచి ఇంకా కిందికి నిఫ్ల్‌హెల్‌కూ పోతారన్న వర్గీకరణ స్నోరి పుస్తకం ఆరంభంలో వస్తుంది. అందులో క్రైస్తవ బోధన నీడ చాలామంది పండితులకు కనిపించింది, నాకూ కనిపిస్తుంది. యముడితో నిజమైన చుట్టరికం కావాలంటే హెల్‌లో కాదు, య్మిర్‌లో వెతకాలి. ఏ ఆదిమ రాక్షసుడి దేహంతో దేవతలు భూమినీ ఆకాశాన్నీ చేశారో ఆ య్మిర్ పేరు, సంస్కృత యమ శబ్దం రెండూ ‘కవల’ అనే ఒకే పూర్వపదం నుంచి వచ్చాయని భాషావేత్తలు భావిస్తున్నారు. దిక్కు కూడా కలవదు. మనకు యమదిక్కు దక్షిణం. హెల్‌కు దారి కిందికి, ఉత్తరానికి.

ఆమెను ఎవరైనా కొలిచారా? థోర్, ఫ్రేయ్ అనే దేవుళ్ళ పేర్లతో స్కాండినేవియా అంతటా ఊళ్ళున్నాయి. హెల్‌కు గుడి గానీ బలి గానీ ఉన్నట్టు ఆధారం దొరకలేదు. 19వ శతాబ్దపు జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ ఆమెను అందరినీ మింగి ఎవరినీ తిరిగి ఇవ్వని అతిప్రాచీన దేవతగా చూశాడు. తర్వాతివారిలో ఎక్కువమంది స్థలానికి పేరు ముందు వచ్చిందనీ, స్త్రీరూపం కవులు దిద్దినదనీ అంటున్నారు. రెండో అభిప్రాయమే నాకు సబబు. పూజ అందుకోని మృత్యువుకు కవులు చుట్టరికాలు కలపడం సహజం. తోడేలు, పాము, మృత్యువు ఒకే తల్లి బిడ్డలని చెప్పడంలో ఉన్న పట్టు ఏ కవి వదులుకుంటాడు?

రాణిగా ఆమె నోరు విప్పేది ఒకే కథలో, అది కూడా స్నోరి చెప్పినదే. బాల్దర్ మీద ఏ వస్తువూ దెబ్బ వేయకుండా తల్లి ఫ్రిగ్ అన్నిటి చేతా ఒట్టు వేయించుకుంటుంది, మిసల్‌టో అనే చిన్న బదనిక మొక్కను మాత్రం వదిలేస్తుంది. లోకి ఆ కొమ్మను గుడ్డివాడైన హోద్ అనే దేవుడి చేతికిచ్చి బాల్దర్ మీదికి విసిరేలా చేస్తాడు. ఆయుధం తగిలి చచ్చిన దేవుడు వాల్‌హల్లాకు కాక హెల్‌కు పోతాడు. స్నోరి తన సూత్రాన్ని తానే మరచాడో, పాత కథ ఆ సూత్రానికి లొంగలేదో. అతణ్ణి విడిపించడానికి దేవతల దూతగా హెర్మోద్ తొమ్మిది రాత్రులు చీకటి లోయల్లో స్వారీ చేసి, బంగారు పూత మెరిసే వంతెన దగ్గరికి చేరుతాడు. కాపలా ఉన్న మోద్‌గుద్ అనే కన్య అతణ్ణి చూసి, నిన్న ఐదు దండుల మృతులు దాటినప్పటికంటే నీ ఒక్కడి కిందే వంతెన ఎక్కువ మోగుతోంది, నీకు చచ్చినవాళ్ళ రంగు లేదు అంటుంది. లోపల బాల్దర్ గౌరవాసనం మీద ఉన్నాడు. ఆ రాత్రి హెర్మోద్ అక్కడే బస చేస్తాడు. మర్నాడు హెల్ పెట్టిన షరతు ఒక్కటే: అందరూ చెబుతున్నట్టు బాల్దర్ అంత ప్రియమైనవాడా కాదా తేలాలి, లోకంలోని ప్రాణమున్నవీ లేనివీ అతని కోసం ఏడిస్తే పంపుతాను, ఏ ఒక్కటి ఏడవకపోయినా నా దగ్గరే ఉంటాడు. బేరమూ లేదు, మోసమూ లేదు. హెర్మోద్ తిరుగు ప్రయాణమైనప్పుడు అతని చేత బాల్దర్ ఓడిన్‌కు ఉంగరం, బాల్దర్ భార్య నన్నా ఫ్రిగ్‌కు వస్త్రం పంపడానికి కూడా ఆమె ఇంట్లో అడ్డు లేదు. మనుషులు, జంతువులు, రాళ్ళు, లోహాలు ఏడ్చాయి. గుహలో కూర్చున్న థోక్ అనే రాక్షసి మాత్రం తాను పొడి కన్నీళ్ళే కారుస్తానని చెప్పి, హెల్ తన దగ్గరున్నది తానే ఉంచుకోనీ అంది. ఆ రాక్షసి లోకియేనని జనం అనుకున్నారట.

రాగ్నరోక్ అనే ప్రళయం వచ్చినప్పుడు హెల్ జనమంతా లోకి వెంట నడుస్తారని స్నోరి అంటాడు. తోడేలు ఓడిన్‌ను మింగి ఓడిన్ కొడుకు చేతిలో చస్తుంది, పాము థోర్‌తో తలపడి అతనితోపాటే పోతుంది. ముగ్గురు తోబుట్టువుల్లో హెల్ ఏమైందన్నది మాత్రం ఏ పద్యమూ చెప్పదు. యుద్ధభూమిలో ఆమె పేరు లేదు. వాల్‌హల్లాలో ఆ రోజు కోసమే తిని తాగి సాధన చేసిన వీరులు దిగిన యుద్ధం అది, దాని చివర భూమి మండి సముద్రంలో మునుగుతుంది. మళ్ళీ పచ్చగా నేల పైకి తేలినప్పుడు, విత్తనం వేయకుండానే చేలు పండినప్పుడు, ఓడిన్ పాత ఇంటి నేల మీదికి ఇద్దరు కలిసి నడిచి వస్తారు: చంపిన హోద్, చచ్చిన బాల్దర్. ప్రళయం జరుగుతున్నంతసేపూ వాళ్ళిద్దరూ హెల్‌లో ఉన్నారు.